నాకెరికే అన్నచోట ఆగిపోయే సోయి

నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటలున్న ఊళ్లలో ఎండాకాలం రాత్రిపూట బోరుబండి మోత కొత్త కాదు. లారీ మీద రిగ్గు, పక్కనే కంప్రెసర్ బండి. రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే బొక్కలోంచి తెల్లటి రాతిపిండి ఎగజిమ్ముతుంది. రైతు చెయ్యి చాపి ఆ పిండిని పిడికిట్లో పట్టి సెల్‌ఫోన్ లైటులో చూస్తాడు. పొడిగా ఉంటే ఇంకా బండే. కొంచెం చెమ్మ తగిలితే చాలు, గుండె గబగబా కొట్టుకుంటుంది. 300 ఫీట్లు, 400, 500. డ్రైవర్ మోత తగ్గించి అడుగుతాడు: "అన్నా, ఆపాల్నా, పోనియ్యాల్నా?" రైతు గట్టు అవతలి తోట వైపు చూస్తాడు. "పోనియ్యి. ఆయనకు రెండించులు పడ్డయి, నాకెందుకు పడయి?"

ఆ మాటలో భూమి సంగతి తక్కువ, "నా" సంగతి ఎక్కువ. దక్షిణ తెలంగాణ నేల చాలావరకు గ్రానైటు, నైస్ రాళ్ల నేల. ఇక్కడ నీళ్లు రాయంతటా సమానంగా పరుచుకుని ఉండవు. పైన మెత్తబడిన పొరలో కొంత, కింద గట్టి బండ పగుళ్లలో కొంత ఉంటాయి. పగులు ఎటు పోవాలో పట్టాదారు పాసుపుస్తకం చూసుకుని పోదు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు మామూలుగా తగ్గిపోతాయి. ఇరవై గజాల అవతల పడ్డ నీళ్లు ఇక్కడా పడాలన్న రూలేమీ లేదు. ఇదంతా రైతుకు తెలియదనుకుంటే పొరపాటే. పొద్దున టీ కొట్టు దగ్గర వేరేవాళ్ల బోరు గురించి మాట వస్తే ఇదే రైతు ఇదంతా చక్కగా విడమరిచి చెప్పగలడు. తన బోరు దగ్గర నిలబడిన రాత్రి మాత్రం ఆ తెలివి అక్కరకు రాదు. పొడిపిండి పిడికిట్లోనే ఉంది, కళ్లు దాన్నే చూస్తున్నాయి, మనసు మాత్రం గట్టు అవతల ఉంది.

ఎరుక, అహం, అనుభవానికి తెరుచుకోవడం వంటి మాటలు వినగానే ఆశ్రమాలు, ఉపన్యాసాలు గుర్తొస్తాయి. కానీ అవి పనిచేసేదీ, దెబ్బతినేదీ ఇలాంటి చోట్లే. వాటిని పట్టుకోవడానికి ఇక్కడి వాడుక మాటలే ముందు అక్కరకొస్తాయి.

తెలంగాణలో "సోయి" అనే మాట ఉంది. "సోయి లేకుంట నడుస్తున్నవేందిరా" అంటే చుట్టూ ఏముందో చూసుకోవడం లేదని. "సోయి తప్పిండు" అంటే స్పృహ పోయిందని. "ఇంటి సోయే లేదు వానికి" అంటే ఇంటిని పట్టించుకోవడం లేదని. స్పృహ, గమనిక, పట్టింపు మూడింటికీ ఒక్కటే మాట. పండితులు వేరువేరు అధ్యాయాలుగా రాసేవాటిని జనం ఒక్క ముద్దగా కలిపేశారు, అది తెలివితక్కువతనం ఏమీ కాదు. పట్టింపు లేనిచోట గమనిక ఎక్కువసేపు నిలవదు. "ఎరుక" దారి వేరు. వేదాంతంలో ఎరుక అంటే లోపలి మెలకువ. నల్లగొండ బజార్లో ఎరుక అంటే ముందే తెలిసి ఉండటం: "ఎరికేనా?" అంటే తెలుసా అని, "గాయన నాకెరికే" అంటే ఆయన నాకు తెలుసు అని. ఎరిక అంటే ఇదివరకు కూడబెట్టుకున్నది. సోయి మాత్రం ఎప్పటికప్పుడు ఉండాల్సింది. ఈ రెండింటికీ రోజూ చిన్న పేచీ నడుస్తూనే ఉంటుంది, ఎక్కువసార్లు గెలిచేది ఎరికే.

అహం విషయంలో తికమక ఇంకా ఎక్కువ. "వాడికి ఈగో ఎక్కువ" అంటే పొగరు ఎక్కువ అని అర్థం. "ఈగో హర్ట్ అయింది" అంటే తనకు మర్యాద తగ్గిందని బాధపడ్డాడని. అసలు ఆ మాట పొగరుగా మొదలవలేదు. మనోవిశ్లేషణకు పునాది వేసిన ఫ్రాయిడ్ 1923లో మనసు గురించిన తన సిద్ధాంతాన్ని రాసినప్పుడు జర్మన్‌లో వాడింది "దస్ ఇష్" అనే మామూలు మాట, తెలుగులో అయితే "నేను". ఇంగ్లిషులోకి తెచ్చినవాళ్లు దానికి లాటిన్ బట్టలు తొడిగి ఈగో అన్నారు. లోపలి కోరికలకూ బయటి లోకానికీ మనస్సాక్షి బెదిరింపులకూ మధ్య సర్దిచెప్పుకుంటూ తిరిగే గుమాస్తా లాంటిది ఆ "నేను". గుమాస్తా లేకపోతే కొట్టు నడవదు. మన పాత దర్శనాల్లో ఒకటైన సాంఖ్యంలో కూడా అహంకారం తిట్టు కాదు. బుద్ధి నుంచి పుట్టే ఒక తత్వం అది. జరుగుతున్నదానికల్లా "నేను", "నాది" అని చీటీ అంటించడం దాని పని. ఆ లెక్కన మెత్తగా మాట్లాడే మనిషిలోనూ అది ఉంటుంది. "మాదేముంది సార్, అంతా మీ దయ" అని చేతులు కట్టుకునే మనిషి, తనంత అణకువ ఊళ్లో ఇంకెవరికీ లేదని రోజూ లెక్క చూసుకుంటూ ఉండొచ్చు.

అందుకే అహాన్ని పొగరులో కన్నా "నాకెరికే"లో వెతికితే త్వరగా దొరుకుతుంది. పొగరు పదిమందికీ కనబడుతుంది, ఎవరో ఒకరు నాలుగు మాటలని దించుతారు. "నాకెరికే"ని ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే చూడటానికి అది తెలివిలాగే ఉంటుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆంథోనీ గ్రీన్‌వాల్డ్ 1980లో అహాన్ని నిరంకుశ ప్రభుత్వంతో పోల్చాడు. అలాంటి ప్రభుత్వం తన చరిత్రను తానే రాసుకుంటుంది, తనకు నచ్చినట్టు దిద్దుకుంటుంది. అహం కూడా ప్రతి కథలో తనను నడిమధ్య నిలబెట్టుకుంటుంది. మంచి జరిగితే తన ఖాతాలో వేసుకుంటుంది, చెడు జరిగితే ఇంకొకరి ఖాతాలో రాస్తుంది. ఒకసారి కుదిరిన అభిప్రాయాన్ని చచ్చినా కదలనివ్వదు. బోరు లెక్కలు ఇలాగే ఉంటాయి. నీళ్లు పడ్డ ఒక్క బోరు తన అంచనా, ఎండిపోయిన నాలుగూ బోరు ఎక్కడ వేయాలో చూసి పాయింట్ పెట్టినాయన తప్పు.

పాయింట్ పెట్టే మనిషి గురించి కాస్త నింపాదిగా చెప్పుకోవాలి, ఈ విషయానికి ఆయనకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని చెలకంతా నడుస్తాడు. ఒక చోటుకు రాగానే కాయ మెల్లగా లేచి నిలబడుతుంది. చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. అది మహిమ అని దండం పెట్టేవాళ్లూ, పచ్చి మోసమని కొట్టిపారేసేవాళ్లూ ఇద్దరూ తొందరపడుతున్నట్టే. ఇలాంటి కదలికలకు విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు 1852లోనే ఒక వివరణ ఇచ్చాడు. మనసులో ఒక ఊహ బలంగా ఉంటే కండరాలు మనిషికి తెలియకుండానే ఆ ఊహ వైపు రవ్వంత కదులుతాయి. అరచెయ్యి అంత వంగితే చాలు, బరువు జరిగి కాయ లేస్తుంది. పాత బావి ఎక్కడుంది, పుట్టలు ఎక్కడున్నాయి, పచ్చగా ఉన్న చెట్టేది అని ఏళ్ల తరబడి చూసిన కళ్లు ఆయనవి. ఆ ఊహే చేతిలోకి దిగింది. చేతిని కదిలించింది తానే, కదిలిందన్న సోయి లేనిదీ తనకే. కట్టుదిట్టంగా పెట్టిన పరీక్షల్లో ఈ పద్ధతి గుడ్డి అదృష్టం కన్నా మెరుగని తేలలేదు. అంతమాత్రాన ఆయన అబద్ధాలకోరు అయిపోడు. చూసేవాళ్లందరికన్నా ముందు కాయ లేచిందని నమ్మింది ఆయనే. కోపంలో గొంతు పెంచి, "నేనేం అరుస్తలేను" అని అరిచే ప్రతి మనిషి చేతిలోనూ అలాంటి కాయ ఒకటి ఉంటుంది.

కళ్లకూ ఇదే జబ్బు. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వీడియో చూపించారు. తెల్లచొక్కాల జట్టు, నల్లచొక్కాల జట్టు బంతులు విసురుకుంటుంటాయి. తెల్లచొక్కాలవాళ్లు ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టాలి. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి వచ్చి, గుండె బాదుకుని పోతుంది. చూసినవాళ్లలో దాదాపు సగం మంది ఆ గొరిల్లాను గమనించనే లేదు. కంటికి జబ్బు లేదు, మనసుకు ఇచ్చిన పని వేరే. విజయవాడ హైవే మీద ఊరి రోడ్డు నుంచి బైకు మీద అడ్డం వచ్చినవాళ్లు ప్రమాదం తర్వాత "చూసిన సార్, కానీ బండి కనవడలే" అంటుంటారు. పోలీసులకు అది సాకులా వినిపిస్తుంది. చాలాసార్లు అది నిజం. ఆ మలుపు రోజూ దాటేదే, ఆ టైముకు బండ్లు రావన్నది వాళ్లకు ముందే ఎరిక.

ఏది లోపలికి రావాలో నిర్ణయించే గేటు దగ్గర కూడా "నేను" కూర్చుని ఉంటుంది. నల్లగొండ బస్టాండ్‌లో దేవరకొండ, మిర్యాలగూడ, సూర్యాపేట అని కేకలు, మైకులో ప్రకటనలు, పల్లీలమ్మే పిల్లల అరుపులు. ఏదీ చెవికెక్కదు. అంతలో ఎవరో తన పేరు పెట్టి పిలిస్తే ఠక్కున తల తిరుగుతుంది. 1959లో నెవిల్ మోరే చేసిన ప్రయోగంలో, ఒక చెవిలో వచ్చే మాటల మీదే ధ్యాస పెట్టమన్నప్పుడు రెండో చెవిలో వచ్చిన మాటలు జనానికి దాదాపు ఏమీ గుర్తులేవు. అందులో తమ పేరు వస్తే మాత్రం సుమారు మూడో వంతు మంది పట్టుకున్నారు. మూడో వంతే అన్నదీ గమనించాల్సిందే, తన పేరుకు కూడా గేటు ఎప్పుడూ తెరుచుకోదు. మరి ఈ "నేను" ఎక్కడుంది?

మహబూబ్‌నగర్ పట్టణం పక్కన పిల్లలమర్రి ఉంది. ఏడొందల ఏళ్ల చెట్టని చెప్తారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒక్కటే: "దీని అసలు మొదలేది?" ఊడలు దిగి, నేలలో పాతుకుని, ఒక్కొక్కటీ మానై నిలబడ్డాయి. వాటిలో ఏది మొట్టమొదటిదో వేలు పెట్టి చూపడం కష్టం. 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ కూలితే, చెదలు లోపల ఎంత తినేశాయో బయటపడింది. 2018లో మందు కలిపిన సీసాలను కొమ్మలకు వేలాడదీసి, ఆసుపత్రిలో సెలైన్ పెట్టినట్టు చుక్కచుక్కగా ఎక్కించారు. మొదలు దొరికేదాకా ఆగలేదు. చెద ఉన్నచోటల్లా సీసా కట్టారు.

"నేను" కోసం వెతికినా ఇదే జరుగుతుంది. పుట్టిన ఊరు ఒక ఊడ, కులం ఒక ఊడ, చదువు ఒకటి. పదో తరగతిలో అందరి ముందూ సారు అన్న మాట ఇంకొకటి, అదీ ఇప్పుడు మానై నిలబడి ఉంటుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలే అసలు మొదలు ఏదని బౌద్ధులు ఎప్పుడో అడిగారు. ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్లు నిలిచిన విజయపురి లోయలో క్రీస్తు శకం మూడో, నాలుగో శతాబ్దాల ఇక్ష్వాకు రాజుల కాలంలో వాళ్ల విహారాలుండేవి. సూర్యాపేట వైపు ఫణిగిరి గుట్ట మీదా ఉండేవి. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం, ఈ ఐదు కట్టలే తప్ప వాటిని కట్టి పట్టుకున్న ఆరోది లేదన్నది బౌద్ధుల లెక్క. చెట్టే లేదని వాళ్లు అనలేదు. నీడ ఉంది, దాని కింద కూర్చోవచ్చు. ఒక్క మాను పేరు చెప్పి, దానికి తగిలితే చెట్టంతా కూలిందని ఏడవడంతోనే పేచీ.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. "అహం వదులుకో" అనే సలహా ఎవరు ఎవరికి ఇస్తున్నారో చూడకుండా మెచ్చుకోవడానికి వీల్లేదు. నల్లగొండ పల్లెల్లో "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అంటూ బతికిన తరాలున్నాయి. గడి ముందు వెట్టి చేసే మనిషికి "నేను" అని నోరు తెరిచే వీలే లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాక రగిలిన సాయుధ పోరాటం 1951 దాకా నడిచింది. కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనే ఉండేది. ఆ పోరాటంలో జనం సంపాదించుకున్నవాటిలో భూమితో పాటు ఒక సర్వనామం కూడా ఉంది. అలా సంపాదించుకున్న "నేను"ను పట్టుకుని, అదే అన్ని కష్టాలకూ మూలమని పీఠం మీద కూర్చున్నవాళ్లు చెప్తే నవ్వొస్తుంది. తలెత్తినవాడికే కదా చుట్టూ ఉన్నది కనబడేది. కాళ్ల దగ్గర తల పెట్టినవాడికి నేల తప్ప ఏం కనిపిస్తుంది?

ఇందులో దొర సంగతీ ఉంది. ఊరంతా తన గుప్పిట్లో ఉందనుకున్న మనిషికి ఊళ్లో ఎవరేమనుకుంటున్నారో ఆఖరిదాకా తెలియలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆయన మాటనే ఆయనకు తిప్పి చెప్పేవాళ్లు. పెత్తనం పెరిగేకొద్దీ "నాకెరికే" పెరుగుతుంది, కాదని చెప్పే గొంతు తగ్గుతుంది, సోయి సన్నగిల్లుతుంది. ఇది గడీలతో పోయిన జబ్బు అనుకునేవాళ్లు ఏదైనా ఆఫీసులో పెద్ద సారు పెట్టే మీటింగ్‌కు ఒకసారి వెళ్లి వెనక కూర్చోవాలి. కొన్ని ఇళ్లలో అన్నం దగ్గర కూర్చున్నా చాలు.

అనుభవానికి తెరుచుకునే గుణాన్ని మనస్తత్వ శాస్త్రం మనిషి స్వభావంలోని ఐదు పెద్ద లక్షణాల్లో ఒకటిగా లెక్కిస్తుంది. పాల్ కోస్టా, రాబర్ట్ మెక్‌క్రే దాన్ని ఆరు ముక్కలుగా కొలిచారు: ఊహ, కళల మీద ఇష్టం, తన లోపలి భావాలను పట్టించుకోవడం, కొత్త పనులు చేసి చూడటం, ఆలోచనల మీద ఆసక్తి, నమ్ముకున్న విలువలను మళ్లీ తరిచి చూసుకోవడం. కవలల మీద జరిగిన పరిశోధనలను బట్టి ఈ గుణంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదే. మిగతా సగం బతుకు నేర్పేది.

ఈ కొలతలను కొంచెం అనుమానంగానే చూడాలి. బొమ్మలు, కవిత్వం, తాత్విక చర్చలు ఇష్టమేనా అని అడిగే ప్రశ్నపత్రంలో పాలమూరు వలస కూలీకి వచ్చే మార్కులు తక్కువే. ఆయన మాత్రం పద్దెనిమిదేళ్లకే గుంపు మేస్త్రీ వెంట, భాష రాని రాష్ట్రంలో, పేరు వినని నది మీద కట్టే డ్యామ్ పనికి పోయాడు. రేకుల షెడ్డులో బతికాడు. రెండు నెలల్లో హిందీలో బేరమాడటం నేర్చుకున్నాడు, జొన్నరొట్టె దొరకని చోట దొరికిందే తిన్నాడు. సరదాగా టూర్‌కు పోయి రెండు రకాల తిండి రుచి చూసి వచ్చేవాళ్లది తెరుచుకోవడం అయితే, ఈయనది ఏమనాలి? అవసరం తోసింది కాబట్టి లెక్కలోకి రాదంటే, పుట్టుకతో వచ్చిన సగాన్ని కూడా తీసేయాల్సి వస్తుంది కదా.

అదే మనిషి ఇరవై ఏళ్ల తర్వాత ఊరొచ్చి, కూతురు తనకు నచ్చిన పిల్లగాడి పేరు చెప్పగానే తలుపు ధడాలున మూస్తాడు. "గీ కథలన్నీ నాకెరికే." కొత్త పనుల ముక్కలో నూటికి తొంభై, విలువల ముక్కలో సున్నా. ఆరు ముక్కలూ ఒక్క తాడుకు కట్టినవి కావన్నది ఇలాంటి ఇంట్లో బాగా తెలుస్తుంది. ఎక్కడ "నేను" పణంగా లేదో అక్కడ తలుపు ఇట్టే తెరుచుకుంటుంది. కొత్త భాష నేర్చుకుంటే ఆయన పరువు పోదు. కూతురి మాట వింటే పోతుందని భయం.

కొత్తదాన్ని పట్టుకోవడం కన్నా, ఎప్పుడూ చూస్తున్నదాన్ని మళ్లీ చూడటం కష్టం. దానికి ఉమ్మడి నల్లగొండలోనే గొప్ప ఉదాహరణ ఉంది. పోచంపల్లి పట్టుచీరకు అద్దకం వేయకముందు ఆసు పోయాలి. ఒక వైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుస మేకులు. దారాన్ని ఈ మేకు నుంచి ఆ వరుసలోకి, అక్కణ్ణుంచి మళ్లీ ఇటు, చెయ్యి ఆడిస్తూనే ఉండాలి. ఒక చీరకు సుమారు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. ఈ పని ఇంటి ఆడవాళ్లది. సాయంత్రానికి భుజం పట్టేస్తుంది, చెయ్యి పైకి లేవదు. ఇది ఎవరికి తెలియదు? మగ్గమున్న ప్రతి ఇంట్లో తెలుసు. నూనె రాసేవాళ్లు, కాపడం పెట్టేవాళ్లు, పొద్దున్నే మళ్లీ ఆసు ముందు కూర్చునేవాళ్లు. భుజం నొప్పి ఆసులో భాగమని అందరికీ ఎరికే.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం కూడా ఆ నొప్పిని చిన్నప్పటి నుంచీ చూసినవాడే. బడి మధ్యలోనే మానేసిన మనిషి, యంత్రాల చదువు లేదు. అందరూ చూసిన ఆ చెయ్యి కదలికను ఆయన మాత్రం ముక్కలు చేసి చూశాడు. చెయ్యి ఎటు పోతోంది, ఎక్కడ తిరుగుతోంది, ఎక్కడ ఆగుతోంది, ఆ ఒక్క కదలికను కర్రతో, ఇనుముతో చేయించలేమా? డబ్బుల్లేక పని ఆగింది, చుట్టూ ఉన్నవాళ్లకు అది పిచ్చిపనిలా కనిపించింది. చివరికి 1999లో ఆసు యంత్రం తయారైంది. అమ్మ పేరు మీద దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

దీన్ని పట్టుదల కథగా చెప్పడం అలవాటు. పట్టుదల లేదని కాదు, కానీ అది తర్వాత సంగతి. తలుపు తెరుచుకున్నది అంతకుముందే, వేలసార్లు చూసిన చెయ్యి ఒక రోజు మొదటిసారి చూసినట్టు కనిపించిన క్షణంలో. ఆ క్షణంలో "ఆసు అంటే ఇంతే" అనే ఎరిక కాసేపు పక్కకు తప్పుకుంది. "బడి మానేసినవాడివి, నీకెందుకు" అని లోపల నసిగే "నేను" కూడా నోరు మూసుకుంది. తనను తక్కువ చేసుకునే మాట కూడా "నాకెరికే"లో ఒక రకమే, దాన్ని అణకువ అనుకుని మోసపోకూడదు.

ఇలాంటి క్షణాలను పిలిచి తెచ్చుకోవచ్చా? కొంతవరకు. 2010లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ రెండు వేలకు పైగా మందిని రోజులో వేర్వేరు టైముల్లో ఫోన్ ద్వారా పలకరించి, ఇప్పుడు మనసు ఎక్కడుందని అడిగితే, 46.9 శాతం సార్లు చేస్తున్న పని మీద లేదని తేలింది. అలా ఉన్నప్పుడు సంతోషం కూడా తక్కువే. మనసును పని మీదికి తెచ్చుకోవడం నేర్పే తరగతులు 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్‌లో మొదలుపెట్టాడు. అందులో మొదటి పాఠాల్లో ఒకటి, ఒక్క ఎండుద్రాక్షను మెల్లగా, చూస్తూ, వాసన పీలుస్తూ తినడం. మహబూబ్‌నగర్ జిల్లావాళ్లకు ఆ తరగతి అక్కర్లేదనిపిస్తుంది. బాలానగర్ సీతాఫలాన్ని పరాకుగా తినడం ఎవరి తరమూ కాదు. గింజ గింజకూ నాలుక ఆగాల్సిందే. టీవీ చూస్తూ తింటే గింజ పంటికింద పడి చేదు తగులుతుంది.

కాకపోతే పండు దగ్గర కుదిరిన సోయి మనుషుల దగ్గర కుదరదు. రోజూ పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుని, లేవగానే పెళ్లాం మాట సగంలో తుంచేసేవాళ్లు తక్కువేం లేరు. మనిషి ఎంత దగ్గరైతే "నాకెరికే" అంత గట్టిగా ఉంటుంది. అత్త ఏమంటుందో కోడలికి ముందే తెలుసు, కొడుకు ఎందుకు ఫోన్ చేశాడో తండ్రికి ముందే తెలుసు. చాలాసార్లు ఆ అంచనా నిజమే అవుతుంది, అందుకే అది ఎప్పటికీ పట్టుబడదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుక్కి దేవరకొండ వైపు ఊరి నుంచి రోజూ రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేస్తుందనుకుందాం. ఇలాంటి ఫోన్లు రాని ఇల్లు ఆ జిల్లాలో తక్కువ. "తిన్నవా బిడ్డా?" అనే మాట పూర్తి కాకముందే "ఆ, తిన్ననే" అని జవాబు. వేళ్లు ల్యాప్‌టాప్ మీదే ఉంటాయి. వానలెట్లున్నాయి, బర్రె ఈనిందా అని రెండు మాటలు, పెట్టేయడం. ఒక రోజు కరెంటు పోయి, ల్యాప్‌టాప్ చార్జింగ్ అయిపోయి, చేతికి పని లేక ఫోన్ చెవికి ఆనించుకుని ఊరికే వింటాడు. "తిన్నవా"కూ "బిడ్డా"కూ మధ్య చిన్న ఆగుడు. అమ్మ దగ్గును మింగుతోంది. ఎన్నొద్దుల సంది అమ్మా అని అడుగుతాడు. "గదేం లేదుగని, బతుకమ్మ పండుగ ముందటి సంది" అంటుంది. అప్పటికి సంక్రాంతి దాటి వారమైంది.